పుట్టువెంట్రుకలు రాజన్నకా, వెంకన్నకా?

తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకు ఐదున్నర నెలలు. మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, ఇద్దరికీ ఉద్యోగాలు. వచ్చే నెల అన్నప్రాసనకని తెనాలి నుంచి మీ అత్తగారు వస్తున్నారు, మాఘం దాకా ఉంటారు. పుట్టువెంట్రుకలు తిరుపతిలోనే తీయాలని ఆవిడ పట్టు. వేములవాడ రాజన్నకు మొక్కుకున్నానని కరీంనగర్‌లో మీ అమ్మ. "ఏది తప్పినా పిల్లవాడికి ఏమవుతుందో అని టెన్షన్, అన్నీ చేస్తుంటే దేవుడి ముందు నటిస్తున్నట్టుంది" అన్నావు.

నిన్ను నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా చిన్న కోడలి ఈడు దానివి. నాకు 64 ఏళ్ళు. నల్లగొండ పిల్లని, 1983లో బందరు వాళ్ళింటికి కోడలిగా వచ్చాను. అప్పటి నుంచీ సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లోనే, స్కందగిరి గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటున్నాం. ముగ్గురు పిల్లలకు, నలుగురు మనవలకు ఈ వేడుకలన్నీ నా చేతుల మీదుగా జరిగాయి. ఒకటి మాత్రం చాలా తప్పుగా చేశాను. అదీ చెప్తాను.

ముందు వెంట్రుకల సంగతి. మిగతావన్నీ ఎలాగోలా సర్దుకునేవే, పుట్టువెంట్రుకలు మాత్రం ఒక్కసారే.

తండ్రి వైపు ఇలవేల్పుకు ఇవ్వడం చాలా ఇళ్ళలో పద్ధతి. ఆ లెక్కన మీ అత్తగారు అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆనవాయితీ వేరు, మొక్కు వేరు. ఆనవాయితీ ఇంటి అలవాటు, మొక్కు దేవుడికి ఇచ్చిన మాట. నువ్వు రాసిన దాంట్లో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. కడుపుతో ఉండగా ఐదో నెలలో బ్లీడింగ్ అయి నువ్వు ఆసుపత్రిలో ఉన్న రాత్రి, మీ అమ్మ వరండాలో కూర్చుని రాజన్నకు మొక్కుకుంది అన్నావు. "అత్తయ్య కంగారు పడతారని ఆవిడకు చెప్పలేదు" అని కూడా అక్కడే రాశావు. అసలు చిక్కు అదేనమ్మా. ఆవిడకు తెలిసిందల్లా మనవడి వెంట్రుకల మాట తనను అడక్కుండానే వియ్యపురాలు తేల్చేసిందని. ఆ రాత్రి మనవడు దక్కుతాడో లేదో అని ఇంకో ముసలావిడ వణికిపోయిందని ఆవిడకు తెలియదు.

ఆవిడ వచ్చిన రెండు మూడు రోజుల్లో, మీ ఆయన ఆఫీసుకు వెళ్ళాక, బాబు నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని ఆ రాత్రి సంగతి మొదటి నుంచీ చెప్పు. వేములవాడా తిరుపతా అన్న వాదన లోకి దిగకు. "మా అమ్మ మొక్కు" అనకు, "వీడి కోసం మొక్కిన మొక్కు" అను. ఇన్నాళ్ళూ దాచినందుకు ఆవిడకు కాస్త కోపం రావచ్చు. రానీ. ఆ కోపం న్యాయమైనదే.

ఇంత ధైర్యంగా ఎందుకు చెప్తున్నానంటే నా పెద్దవాడప్పుడు నాకూ ఇదే ఎదురైంది. మా అమ్మ యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంది. మా అత్తగారి వాళ్ళది తిరుపతి. మా అత్తగారు చాలా ఆచారం గల మనిషి, తడిబట్టతోనే వంట. ఆవిడ ముందు నోరు విప్పడానికి నాకు పది రోజులు పట్టింది. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగారు: "మాట ముందు ఎవరికిచ్చారు?" చెప్పాను. ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్ళి కొత్త తెల్లగుడ్డ ముక్క ఒకటి తెచ్చి, పసుపు నీళ్ళలో ముంచి ఆరేశారు.

గుట్టకు బయల్దేరే రోజు పొద్దున ఇంట్లో దీపం ముందు వాణ్ణి మా తమ్ముడి ఒళ్ళో కూర్చోబెట్టి, మేనమామ చేత మూడు కత్తెర్లు తీయించారు. ఆ వెంట్రుకలు, పదకొండు రూపాయలు ఆ పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి అలమరలో పెట్టారు. గుండు గుట్టలో అయింది. మూడో ఏట తిరుమల వెళ్ళినప్పుడు కల్యాణకట్టలో మళ్ళీ గుండు చేయించి, ఆ మూడు కత్తెర్ల వెంట్రుకలు అక్కడే ఇచ్చేసి, డబ్బు స్వామి హుండీలో వేశాం. ఇద్దరు దేవుళ్ళకూ చెల్లింది. ఇది మా ఇంటి పద్ధతి. మీ పురోహితుడు గారిని కూడా ఒకమాట అడుగు, ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. నా రెండోది ఆడపిల్ల. వెంట్రుకలకని ఒక పెద్ద క్షేత్రానికి వెళ్ళాం. వైశాఖ మాసం, ముహూర్తం పదకొండింటికి. అది దానికి నిద్ర వేళ. పాలు కూడా సరిగ్గా తాగలేదు. గుక్కపట్టి ఏడుస్తోంది. ముహూర్తం దాటిపోతుందన్న భయంతో నేనే దాని తల రెండు చేతులతో గట్టిగా బిగించి పట్టుకున్నాను. అది ఒక్కసారి విదిలించుకుంది, చెవి పైన బ్లేడు తెగింది. రక్తం కొంచెమే. కానీ ఆ రాత్రి ఒళ్ళు కాలిపోయే జ్వరం. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు. చెవి పైన ఆ సన్నని గీత ఇంకా ఉంది, జడ వేస్తున్నప్పుడల్లా నా కంటపడేది.

తిరిగొచ్చాక మా పురోహితుడు గారి దగ్గర బాధపడ్డాను. ఆయనన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "పిల్ల ఏ వేళకు నిద్రపోతుందో నాకెవరూ చెప్పలేదమ్మా. చెప్పుంటే ఎనిమిదిన్నరకు ఇంకోటి ఉంది, అదే పెట్టేవాణ్ణి." అప్పటి నుంచి మా ఇంట్లో ముహూర్తం అడిగేటప్పుడు నక్షత్రంతో పాటు పిల్లవాడి నిద్ర వేళ, పాల వేళ కూడా చెప్తాం. చాలా రోజుల్లో ఒకటి కాదు, రెండు మూడు మంచి వేళలుంటాయి. మనం అడగం, అంతే. నువ్వడిగిన వాటన్నిటికీ నా జవాబు ఇందులోనే ఉంది: ఈ సంస్కారాలన్నీ పిల్లవాడి కోసం ఏర్పడ్డవి. వాడి ఆకలి, నిద్ర పక్కన పెట్టి చేసేది ఏదైనా సరే, ఎక్కడో పొరపాటు పడ్డామన్నమాటే.

వేములవాడ ప్రయాణం గురించి నాలుగు మాటలు. నువ్వు చెప్పిన లెక్కన పదకొండో నెల మాఘంలో పడుతుంది. మహాశివరాత్రి వారం పెట్టుకోకు. సోమవారం వద్దు. మేడారం జాతర రెండేళ్ళకోసారి మాఘంలోనే వస్తుంది, ఆ ఏడు జాతరకు ముందు జనం రాజన్నను చూసుకునే వెళ్తారు కాబట్టి కొన్ని వారాల పాటు అక్కడ కాలు పెట్టే సందుండదు. మీ దగ్గర్నుంచి సుమారు 150 కిలోమీటర్లు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి బస్సులున్నాయి గానీ చంటివాడితో కారే నయం, సిద్దిపేటలో ఆగి పాలు పట్టుకోవచ్చు. బయల్దేరే ముందు దర్శనం వేళలు కనుక్కో. గుండు చేసేటప్పుడు మీ కళ్ళ ముందే కొత్త బ్లేడు వేయమను. జుట్టు బాగా తడిపించు. గంధం రాస్తే తల చల్లగా ఉంటుంది, ఎక్కడైనా తెగితే మాత్రం అక్కడ రాయకు. మీ అమ్మ కోడె మొక్కు కూడా మొక్కిందేమో అడుగు. మొక్కితే గుడి చుట్టూ కోడెను తిప్పేటప్పుడు ఆ తాడు మీ అత్తగారి చేతికివ్వు. తెనాలి ఆవిడకు అది కొత్త. ఎవరో మొక్కిన మొక్కును పక్కన నిలబడి చూసినట్టు కాకుండా, తనూ తీర్చినట్టుంటుంది.

ఇక అన్నప్రాసన. మగపిల్లలకు సరి నెలలో, ఆరో నెల గానీ ఎనిమిదో నెల గానీ. ఆడపిల్లలకు బేసి నెలలో. ఇక్కడ ఒక తిరకాసుంది. మన పెద్దవాళ్ళు ఆరో నెల అంటే ఐదు నిండి ఆరు నడుస్తుండడం. డాక్టర్లు ఆరు నెలల వరకు తల్లిపాలే అంటారు, అంటే ఆరు నిండాలి. మా మనవలకు నేను చేసింది: ఆరో నెల చివరి రోజుల్లో ముహూర్తం పెట్టించి, ఆ రోజు ఉంగరంతో పరమాన్నం పెదవికి తాకించి ఊరుకోవడం. ముద్దలు పెట్టడం ఆరు నిండాక, డాక్టరు సరేనన్నాకే. మీ అత్తగారు ఎనిమిదో నెలకు ఒప్పుకుంటే ఈ గొడవే లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, తేనె వద్దు. నెయ్యీ తేనే కలిపి నాకించే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ఏడాది నిండని పిల్లల పేగుల్లో తేనె ద్వారా వచ్చే ఒక క్రిమి విషాన్ని పుట్టిస్తుందని, దానివల్ల కండరాలు చచ్చుబడతాయని మా పిల్లల డాక్టరు వివరంగా చెప్పారు. పురోహితుడు గారికి ముందే ఫోన్ చేసి "నెయ్యి ఒక్కటే అండీ" అను. ఎవరూ కాదనరు. పీటల మీద కూర్చున్నాక చెప్తే పదిమందిలో చర్చ అవుతుంది.

పిల్లవాడి ముందు పెట్టే వస్తువుల్లో చిల్లర నాణేలు, చాకు పెట్టకు. నోటు, పుస్తకం, పెన్ను, బంగారు గాజు, పువ్వు చాలు. కూర్చోలేని పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంచితే సరిపోతుంది. ఏది పట్టుకుంటాడో అని మీ ఆయన ఇప్పటినుంచే పందెం కాస్తున్నాడన్నావు. మా చిన్నవాడి సంగతి చెప్పనా? వాడికి ఎనిమిదో నెలలో చేశాం. పట్టపగలు కరెంటు పోయింది. ఇంటి నిండా చుట్టాలు, అందరికీ చెమటలు. అన్నీ వరుసగా పేర్చి వాణ్ణి వదిలాం. పుస్తకం దాటాడు, గాజు దాటాడు, నోటు వైపు చూడనైనా లేదు. సూటిగా మా అత్తగారి దగ్గరకు పాకి, ఆవిడ విసురుకుంటున్న తాటాకు విసనకర్ర అంచు రెండు చేతులతో పట్టుకుని లాగాడు. అందరూ పంతులు గారి వైపు చూశారు, దీనికి ఫలితం ఏమిటని. ఆయన నెమ్మదిగా అన్నారు: "ఏం లేదమ్మా, పిల్లవాడికి ఉక్కపోస్తోంది. విసరండి." ఆ మాటకు మా అత్తగారు వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, భోజనాలయ్యేదాకా అలా విసురుతూనే కూర్చున్నారు.

మొన్న బాబు బోర్లా పడ్డాడని మధ్యలో ఒక ముక్క రాసి వదిలేశావు. అది వదిలేసే విషయమా తల్లీ? బోర్లా పడితే బొబ్బట్లు. నవ్వితే నువ్వుండలు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, పలికితే పంచదార చిలకలు. వీటికి ముహూర్తం లేదు, పురోహితుడు అక్కర్లేదు. దేవుడికి ఒకటి నైవేద్యం పెట్టి పక్క ఫ్లాట్ల వాళ్ళకు రెండేసి పంచడమే. మన ఇళ్ళలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆచారం ఇది. వాడు బోర్లా పడి నాలుగు రోజులైనా పర్వాలేదు, మీ అత్తగారికి ఇవాళే ఫోన్ చేసి "అత్తయ్యా, మీరొచ్చి బొబ్బట్లు చేయాలి" అను. అన్నీ నువ్వే చేయాలని లేదు. ఆఫీసు ఉన్న రోజైతే వీధి చివర స్వగృహ షాపులో కొన్నా దేవుడు తీసుకుంటాడు.

మా మనవడి అడుగుల రోజు అరిసెలు మా కోడలే వండింది. చెక్కలతో నూనె బాగా నొక్కేసి, హాల్లో ఉతికిన చీర పరిచి, తొమ్మిది అరిసెలు వాడి అడుగుకందే దూరంలో పెట్టాం. వాళ్ళమ్మ వేలు పట్టుకుని మొదటి దాని మీద కాలు వేశాడు. మెత్తగా తగిలింది కాబోలు, కిందకు చూశాడు. రెండో దాని మీద నిలబడ్డాడు. వేలు వదిలేసి అక్కడే చతికిలబడి, తను తొక్కిన అరిసె తీసి అంచు కొరికాడు. ఫోన్లు పట్టుకున్న వాళ్ళంతా నవ్వుల్లో పడి వీడియో తీయడమే మర్చిపోయారు. ఆ అరిసె మీద మొత్తం రెండే రెండు పళ్ళ గాట్లు.

నటిస్తున్నట్టుంది అన్నావు కదా, దాని గురించి. నువ్వు పొద్దున ఏడున్నరకు లాగిన్ అవ్వాలి, చంటివాడు రాత్రంతా నిద్రపోనివ్వడు. అలాంటప్పుడు యూట్యూబ్‌లో సహస్రనామం పెట్టుకుని, మనసు ఎక్కడో ఉండి చేతులు పూలు పెడుతుంటే అలాగే ఉంటుంది. నాకూ ఉండేది. తగ్గించు. ఒక దీపం, ఒక నమస్కారం, బాబు నుదుట బొట్టు. రెండు నిమిషాలు. కానీ ఆ రెండు నిమిషాలు వాణ్ణి చంకన ఎత్తుకునే చెయ్యి. మా పిల్లలకు దేవుడి గది గురించి ఇప్పటికీ గుర్తున్నది నేను చదివిన స్తోత్రాలు కావు, అగ్గిపుల్ల గీసిన వాసన, నా చీర కొంగు.

వాడు ఇంకో రెండు నెలల్లో పాకుతాడు. ఇప్పుడే దీపం కుంది నడుము ఎత్తుకు మార్చు. కర్పూరం డబ్బా తాళం ఉన్న చోట పెట్టు. మా రెండో మనవడు పటికబెల్లం అనుకుని కర్పూరం బిళ్ళ గుప్పిట్లో పట్టుకుని నోటి దగ్గరకు తీసుకెళ్తుంటే చూశాను, ఇప్పటికీ తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. కర్పూరం కడుపులోకి పోతే పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయాలని మీ అత్తగారు అంటారు, మేమూ వేసేవాళ్ళం. ఆ పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదని ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు. "తల మెత్తటి గుడ్డతో ఆరబెడదాం అత్తయ్యా" అని తువ్వాలు ఆవిడ చేతికే ఇవ్వు.

మొహమాటపడుతూ చివర్న అడిగావు, నెలసరి రోజుల్లో ఎలా అని. రెండు గదుల ఫ్లాట్లో చంటిపిల్లవాడి తల్లి ఎక్కడికని దూరంగా కూర్చుంటుంది? ఆ మూడు రోజులు మీ ఆయన దీపం పెడతాడు. ఆ మాట నువ్వు కాదు, ఆయనే వాళ్ళమ్మతో ముందుగా చెప్పాలి. ఆవిడ ఏమంటారో అని ఇప్పటినుంచే భయపడకు. మా అమ్మాయి పెద్దమనిషి అయినప్పుడు ఫంక్షన్ వద్దని నా దగ్గర ఏడ్చింది. చుట్టాలేమంటారో అని నేనే వెనకాడాను. తడిబట్టతో వంట చేసే మా అత్తగారు అన్నారు: "పిల్ల తలవంచుకుని ఏడుస్తూ కూర్చుంటే అది పండగెలా అవుతుంది?" ఆవిడే నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తినిపించారు. పదిహేడేళ్ళు కాపురం చేశాక కూడా ఆవిడ నాకు పూర్తిగా తెలియదని ఆ రోజే తెలిసింది.

అక్షరాభ్యాసం ఇప్పుడే ఆలోచించకు. మూడో ఏట చూసుకోవచ్చు. బాసర సుమారు 200 కిలోమీటర్లు, సికింద్రాబాద్ నుంచి రైలుంది. అంత దూరం కష్టమైతే దగ్గర్లో వర్గల్ సరస్వతమ్మ ఉంది. వసంత పంచమి నాడు రెండు చోట్లా విపరీతమైన రద్దీ.

ఈలోపు బతుకమ్మ వస్తుంది, సంక్రాంతికి భోగిపళ్ళు వస్తాయి. నీ పండగలో ఆవిణ్ణి కూర్చోబెట్టు. తంగేడు, గునుగు పూలు తెచ్చి ఆవిడ ముందు పోసి, పేర్చడం నువ్వు నేర్పు. భోగి నాడు ఆవిడ పండగ, నువ్వు నేర్చుకో. వాడి తల మీద పూలరేకులే ఎక్కువ పోయండి, రేగుపళ్ళు నాలుగైదు చాలు, నాణేలు వద్దు. కింద పడ్డవన్నీ అప్పటికప్పుడే ఏరేయండి, ఆ వయసులో కనపడిందల్లా నోట్లోకే వెళ్తుంది.

ముడుపు గుడ్డ సంగతి మర్చిపోకు. అది కొత్తదై ఉండాలి, తెల్ల నూలుది, జానెడు చాలు. పసుపు నీళ్ళలో తడిపి నీడన ఆరబెట్టాలి. నువ్వు తడపకు, మీ అత్తగారిని తడపమను.